బార్తొలోకి ఒక్క ఓటు

ఫిబ్రవరి 9

పొద్దున్న గాలి నెమ్మదిగానే ఉంది. నాలుగో స్తంభం మీద కప్పీలకు గ్రీజు పెట్టాను. కింది స్టేషన్ నుంచి వచ్చిన సరుకు: పిండి బస్తాలు, ఉల్లిపాయలు, ప్రధానమంత్రి లియొనోరా గారి మోకాలికి పట్టీ, ఇలాంటి చిన్న దేశాలన్నిటి మీదా పెత్తనం చేసే సమాఖ్య నుంచి ఒక ఉత్తర్వు.

ఈ రోప్‌వే లాగ్‌లో మామూలుగా నేను గాలి, తీగ, సరుకు తప్ప ఇంకేమీ రాయను. కొండ మీద మంచు కరిగి రోడ్డంతా లోయలోకి జారిపోయాక ఒస్తివాల్ దేశానికి మిగిలిన దారి ఇదొక్కటే. కాబట్టి రాయడానికి కూడా అంతే ఉంటుంది. ఇవాళ ఆ ఉత్తర్వు పుణ్యమా అని నాలుగు మాటలు ఎక్కువ రాస్తున్నాను.

ఇకమీదట ఒస్తివాల్‌లో నీడలు ఓటు వేయడానికి వీల్లేదట. మనుషులే వేయాలట, మనిషికి ఒక్క ఓటు, ఎవరి చేత్తో వాళ్ళు.

చెవి వెనక అతికించుకునే బఠాణీ గింజంత యంత్రాన్ని ఇక్కడ నీడ అంటారు. మనిషి పుట్టినప్పటి నుంచి మాట్లాడిందంతా వింటుంది. ఎవరి మీద విసుక్కున్నాడో, ఎవరిని చూసి నవ్వాడో దానికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా పార్లమెంటు ఎన్నికలంటే ఈ నీడలన్నీ కలిసి ఒక ఆదివారం పొద్దున్న, పొయ్యి మీద కాఫీ కాగేలోపు తేల్చేయడమే. యాభై ఏళ్ళ లోపువాళ్ళెవరూ ఓటన్నదాన్ని చేత్తో పట్టుకుని ఎరగరు. ఈ నెలాఖరున పట్టుకోవాలి.

ఎన్నికల అధికారిని నేనే. ఏదో పెద్ద చదువు చూసి ఇచ్చిన పదవి కాదు. అధికారికి దేశంలో చుట్టాలెవరూ ఉండకూడదని ఇక్కడి రాజ్యాంగం. ఆరువందల చిల్లర జనం ఉన్న దేశంలో అందరికీ అందరూ చుట్టాలే. రోప్‌వే నడపడానికి అనకాపల్లి నుంచి వచ్చిన ఈ నూకరత్నం ఒక్కతే ఎవరికీ ఏమీ కాదు. వచ్చిన ఏడాదే ఈ బరువు నా నెత్తిన పెట్టారు.

ఇక్కడ చుట్టరికానికి రక్తమే అక్కర్లేదు. ఒకరిని అత్తా అనో బాబాయ్ అనో పిలిచి, ఆ మనిషి పలికితే చాలు, చుట్టమైపోయినట్టే. చట్టంలోనే ఉంది. అందుకని నన్ను అందరూ ఆఫీసరమ్మా అంటారు. చిన్నపిల్లలు కూడా పొరపాటున పిన్నీ అనరు, తల్లులు నోరు నొక్కేస్తారు. నేనూ ఎవరినీ ఏమీ పిలవను. మా ఊళ్ళో కూరగాయల బండి అతన్ని కూడా మావయ్యా అనే మనిషిని, ఎనిమిదేళ్ళుగా నోరు కట్టుకుని బతుకుతున్నాను.

ఫిబ్రవరి 11

నామినేషన్లు స్టేషన్‌లోనే తీసుకున్నాను. ఏడు సీట్లకి ఎనిమిదిమంది. ఎనిమిదో మనిషి ఎప్పటిలాగే బార్తొలో.

బార్తొలోది దేశానికంతటికీ ఒక్కటే ఉన్న రొట్టెల కొట్టు. డెబ్బై దాటాయి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. ఇన్నేళ్ళలో ఆయన ఎన్నికల్లో నిలబడని ఏడు లేదు, ఆయనకి ఒక్క ఓటు వచ్చిన ఏడూ లేదు. నీడలకి మొహమాటం ఉండదు మరి. రొట్టెలు చేసే మనిషి రొట్టెలే చేయాలని అన్ని నీడలూ అనుకునేవి.

అలాంటప్పుడు నిలబడడం దేనికని మొదట్లో నేనూ అడిగాను. ఏడు సీట్లకి ఏడుగురే ఉంటే పోటీ లేదు, పోటీ లేకపోతే ఎన్నిక లేదు. ఎన్నిక జరగని దేశాన్ని సమాఖ్య వాళ్ళు కింది పట్నంలో ఒక వార్డు చేసేస్తారు. కాబట్టి ప్రతిసారీ ఎవరో ఒకరు ఓడిపోవాలి. ఒస్తివాల్‌లో ఓడిపోవడం ఒక ఉద్యోగం. బార్తొలో తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు ఈయన చేస్తున్నాడు.

చంకలో వేడి రొట్టె పెట్టుకుని వచ్చాడు. ఇక్కడి కొండ భాష నా చెవికి మా అనకాపల్లి మాటలాగే పడుతుంది. అందుకని అలాగే రాస్తాను.

"ఈసారి కూడానా?" అన్నాను.

"నాను కాపోతే ఇంకెవులు ఓడిపోతారు ఆఫీసరమ్మా? లియొనోరాకి ఓడిపోడం సేతకాదు. ఏడిసీగలదు." రొట్టె బల్ల మీద పెట్టాడు. సంతకం చేశాడు. అయినా వెళ్ళలేదు. టోపీ తీసి దులిపాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈపాలి మనుసులే ఏస్తారంట కదా?"

"అవును."

"ఒక్కటైనా వొస్తాదంటావేటి?"

నవ్వుతూనే అడిగాడు గానీ కళ్ళు నవ్వలేదు. ముప్పై ఏళ్ళ సున్నాలు ఆ మనిషి మీద ఇంత పని చేశాయని నాకు ఇవాళే తెలిసింది.

"మీ ఓటు మీరే వేసుకోవచ్చు కదా, అది తప్పేం కాదు" అన్నాను.

"నాకు నానే ఏసుకుంటే అది ఒచ్చినట్టేటి? సొంత రొట్టి సొంతంగా కొనుక్కున్నట్టుంటాది."

ఆయన వెళ్ళాక రొట్టె కోసుకు తిన్నాను. నేను ఈ కొండ ఎక్కిన మొదటి రోజు, ఇక్కడి తిండి సయించక స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంటే, అడక్కుండా రొట్టె తెచ్చి ఒళ్ళో పెట్టింది ఈయనే. అధికారికి ఓటు లేదు. ఉంటే ఎవరికి వేసేదాన్నో చెప్పకూడదు కూడా.

ఫిబ్రవరి 14

ఓటు రహస్యంగా వేయాలని ఉత్తర్వులో ఉంది. దీని మీద పంచాయితీ మధ్యాహ్నం దాకా నడిచింది. ఈ దేశంలో రహస్యమైన చోటు ఎక్కడుంది? బడికి గోడలన్నీ అద్దాలే. చర్చిలో దగ్గితే సంతలో వినపడుతుంది. ఇళ్ళేమో ఒకదాని కిటికీలోకి ఒకటి చూస్తుంటాయి.

"మా నానమ్మ రోజుల్లో అయితే అందరూ కళ్ళు మూసుకునేవోరట" అంది లియొనోరా. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ప్రధానమంత్రి, బార్తొలోకి పినతల్లి కూతురు. ఏ సభలోనైనా కుర్చీలో మోకాలు చాపుకుని కూర్చుని చివరి మాట తనే అంటుంది.

నాకు రోప్‌వే పెట్టె తట్టింది. ఎక్కించి తలుపేసి లోయ సగం దాకా పంపితే, ఆ పొగమంచులో దేవుడికి తప్ప ఎవరికీ కనపడరు. లోపల ఒక బల్ల, పెన్సిలు, తాళం వేసిన డబ్బా పెడితే సరిపోతుంది. ఓటు వేసి గంట కొడితే వెనక్కి లాగుతాను. అందరూ ఒప్పుకున్నారు. మేకల గాస్పర్‌ని ఎక్కించి ఒకసారి నడిపి చూశాను. వాడు లోయ మధ్యలో గంట కొట్టడం మానేసి పాట ఎత్తుకున్నాడు.

ఫిబ్రవరి 17

పైనుంచి గాలి. రెండు ట్రిప్పులు ఆపాను.

పొద్దున్నే గాస్పర్ జున్ను పంపాలని వచ్చాడు. జున్ను తూచాక కూడా కదలడు. ముప్పై ఏళ్ళ మనిషి, చెవులు ఎర్రగా అయిపోయాయి.

"ఆఫీసరమ్మా, నీ చెవిలో సెప్పింది బయటికి పోదు కదా?"

"పోదు. ప్రమాణం చేశాను."

"నానూ... బార్తొలో తాతకి ఏసీదామనుకుంటన్నాను. నిజానికి ఎయ్యాల్సింది లియొనోరా అత్తకే. అత్తైతే దేశం నడిపీగలదు. కానీ తాతకి మళ్ళీ సున్నా వొస్తే బాగోదు కదా? ఎవుడో ఒకడు ఒక్కటైనా ఎయ్యాల కదా? తాతకి తెలిస్తే మాత్రం నానుండలేను."

నాకు గాస్పర్‌ని దగ్గరకి తీసుకోవాలనిపించింది. బార్తొలోకి ఒకటి వచ్చేసింది! ఆ సంతోషంలో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనా తెలియలేదు.

సాయంత్రం బడి టీచరు ఇమెల్దా వచ్చింది. ఆవిడ కూడా అభ్యర్థే. ఊరికే గాలి మార్పుకి వచ్చానంది. వెళ్ళబోతూ ఆగి, గుసగుసగా, "నాకు నానే ఓటేసుకుంటే అసయ్యంగా ఉంటాది ఆఫీసరమ్మా. నా ఓటు బార్తొలో బాబాయికి ఏసీస్తాను. పాపం, ఒక్కటైనా ఉండాల. ఎవులితోటీ అనీకు" అంది.

రెండు. బాగానే ఉంది అనుకున్నాను.

ఫిబ్రవరి 20

బాగాలేదు. ఈ మూడు రోజుల్లో స్టేషన్‌కి వచ్చినంత జనం నేను వచ్చిన ఎనిమిదేళ్ళలో రాలేదు. ఒకరు తాళం మర్చిపోయానంటారు, ఒకరు తీగ ఎలా ఉందంటారు. చివరికి అందరూ చెప్పేది ఒకటే: మిగతావాళ్ళు ఎలాగూ వెయ్యరు, నేనొక్కడినే, నేనొక్కదాన్నే, బార్తొలోకి ఒకటి, ఎవరికీ చెప్పకు. భార్య వచ్చి చెప్పి వెళ్ళిన గంటకి భర్త వచ్చి అదే చెబుతాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు.

ఇవాళ లియొనోరా కూడా వచ్చింది, మోకాలు ఈడ్చుకుంటూ. "ఇరవై ఏళ్ళ నుండి గెలస్తన్నాను. ఒక ఓటు తగ్గితే కొంపలేటి మునిగిపోవు. ఆడు నాకు సిన్నప్పుడు రొట్టి మీద తేనె ఎక్కువ రాసి ఇచ్చేవోడు" అంది.

ఆవిడ వెళ్ళగానే రాజ్యాంగం తెరిచాను. చిన్న పుస్తకమే. నేను భయపడ్డదే ఉంది. మొదటిది: ఒక్క ఓటైనా రాని మనిషి సభలో కూర్చోకూడదు. రెండోది: సభలో కనీసం ఇద్దరుండాలి, ఒక్కడే అయితే కాదనేవాళ్ళు ఉండరు. అందరూ బార్తొలోకే వేస్తే గెలిచేది ఒక్కడు. ఒక్కడితో సభ లేదు. సభ లేకపోతే దేశం లేదు. కింది పట్నంలో పన్నెండు వార్డులున్నాయి, మాది పదమూడో వార్డు అయిపోతుంది.

చెబుదామంటే ప్రమాణం. ఓటరు చెవిలో చెప్పింది చెవిలోనే ఉండాలి. పోనీ బార్తొలోని తప్పుకోమందామంటే అప్పుడు ఏడుగురే మిగులుతారు, ఎన్నికే ఉండదు. ఎటు తిరిగినా గోడే.

పేరు చెప్పకుండా ఒక మాట అందామని సంతలో మైకు పట్టుకున్నాను. "ఓటర్లకు విజ్ఞప్తి. మీరు ఎవరు గెలవాలని నిజంగా అనుకుంటున్నారో వారికే ఓటు వేయండి. వేరే ఏ ఆలోచనా పెట్టుకోకండి" అన్నాను.

జనం మొహాలు మాడిపోయాయి. మైకు కట్టేసి వస్తుంటే వెనకాల ఎవరో అంటున్నారు: "ఆఫీసరమ్మ కూడా బార్తొలోకి ఎయ్యొద్దంటంది సూడు. పాపం ఆ మనిసికి ఎవులూ లేరు." నన్ను నేనే తిట్టుకుంటూ స్టేషన్‌కి వచ్చి పడ్డాను. ఇవాళ గ్రీజు పెట్టలేదు.

ఫిబ్రవరి 23

సమాఖ్య పరిశీలకుడు దిగాడు. పేరు ఎలియాస్ క్రూన్. బూడిదరంగు కోటు, బూడిదరంగు పెట్టె, నవ్వు పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చినట్టున్నాడు. రోప్‌వే పెట్టె ఊగుతుంటే రెండు చేతులా కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడట, గాస్పర్ చెప్పాడు.

"ఈ దేశంలో మీకు బంధువులు లేరు కదా?" అని మొదట అదే అడిగాడు.

"ఒక్కరు కూడా లేరండి" అన్నాను. రోజూ అనే మాటే. ఇవాళ ఎందుకో ఆయన మొహం చూడకుండా అన్నాను.

ఫిబ్రవరి 26

పోలింగ్. గాలి లేదు, మంచి పొగమంచు. తీగ బాగా నడిచింది.

ఒక్కొక్కరినీ ఎక్కించి పంపాను. ఎక్కేటప్పుడు నా వంక ఒక చూపు, నీకు తెలుసుగా అన్నట్టు. దిగేటప్పుడు పుణ్యం చేసుకొచ్చిన మొహం. గాస్పర్ నాకు కన్ను కూడా కొట్టాడు. లియొనోరా దిగి కళ్ళజోడు తుడుచుకుంది. వీళ్ళందరినీ వరసగా నిలబెట్టి కడుపారా తిట్టాలనీ ఉంది, కడుపులో పెట్టుకోవాలనీ ఉంది. ఒక్కరంటే ఒక్కరైనా తోటివాడికి కూడా తనలాంటి మనసే ఉంటుందని అనుకోరేం?

కొట్టు మూసి అందరికంటే చివర బార్తొలో వచ్చాడు. పెట్టె మంచులోకి వెళ్ళిపోయింది. చాలాసేపు గంట కొట్టలేదు. క్రూన్ గడియారం చూశాడు. తిరిగి వచ్చాక బార్తొలో, "కూసంతసేపు మంచు ఇడితే అక్కణ్ణుండి మా కొట్టు పొగ్గొట్టం కనిపించిందమ్మా. ఎప్పుడూ సూళ్ళేదు. బావున్నాది" అని మాత్రం అన్నాడు.

ఫిబ్రవరి 27

లెక్కింపు స్టేషన్ హాల్లో. దేశం మొత్తం వచ్చింది, బార్తొలో తప్ప. ఓడిపోయే మనిషి లెక్కింపుకి రాడు, గెలిచినవాళ్ళ విందుకి రొట్టెలు కాలుస్తుంటాడు. అది ఆనవాయితీ.

నేను కాగితం విప్పి పేరు చదువుతాను, క్రూన్ చూసి పక్కన పెడతాడు.

బార్తొలో. గాస్పర్ తల దించుకుని ముసిముసిగా నవ్వుకున్నాడు. బార్తొలో. ఇమెల్దా తలెత్తింది. బార్తొలో. బార్తొలో. హాల్లో కుర్చీలు కిర్రుమనడం మొదలైంది. భార్యలు భర్తల మొహాలు చూస్తున్నారు. బార్తొలో. లియొనోరా మోకాలు ముడిచి నిటారుగా కూర్చుంది. కాసేపటికి ఎవరూ ఎవరి వంకా చూడడం మానేసి అందరూ చెప్పులు చూసుకుంటున్నారు. చదివి చదివి నా గొంతు ఎండిపోయింది. ఆ గుట్టలో ఇంకొక పేరు రాదా అని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మా ఊరి నూకాలమ్మకి కూడా మొక్కాను, ఆవిడకి ఈ దేశం ఎక్కడుందో తెలుసో లేదో.

బల్ల మీద బోర్లించిన ఆ గుట్ట అడుగుకంటా వచ్చాక ఒక కాగితం విప్పాను. లియొనోరా.

మళ్ళీ ఇంకోసారి చదివాను, గట్టిగా. ఆ కాగితం మడతలో తెల్లగా పిండి ఉంది. క్రూన్ వేళ్ళకి అంటుకుంటే దులుపుకున్నాడు. ఆయనకి అది దుమ్ము. నేను ఏమీ అనలేదు, అనకూడదు.

ఒక్క ఓటు తప్ప దేశం ఓట్లన్నీ బార్తొలోకి. ఆ ఒక్కటి లియొనోరాకి. మిగతా ఆరుగురికీ సున్నా. ఇద్దరున్నారు కాబట్టి సభ ఉంది.

చెప్పడానికి నేనే పరిగెత్తాను. బార్తొలో పొయ్యిలోంచి రొట్టెలు తీస్తున్నాడు.

"ఒచ్చిందేటి?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

"వచ్చింది."

"ఒకటి?"

"ఒకటి కాదండి. అన్నీ."

పార పక్కన పెట్టి పిండి బస్తా మీద కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 28

ఈదురుగాలి. రోప్‌వే మూసేశాను. మూయకపోయినా క్రూన్ వెళ్ళేవాడు కాదు.

"పోయినసారి సున్నా. ఈసారి ఒకటి తప్ప అన్నీ. నా ఉద్యోగంలో ఇలాంటి ఫలితం రెండుసార్లు చూశాను. రెండుసార్లూ గెలిచినవాడి దగ్గర సైన్యం ఉంది" అన్నాడు హాల్లో అందరి ముందూ. "మిమ్మల్ని ఎవరు బెదిరించారు? లేదా ఏం ఆశ చూపించారు? సమాధానం రాకపోతే ఎన్నిక రద్దు చేయక తప్పదు."

బార్తొలో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, పెళ్ళి నాటి కోటు. పొద్దుట నుంచి ఆ మొహంలో వెలుగు చూసి నాకు కడుపు నిండింది. ఇప్పుడు ఏం వినబోతున్నాడో నాకు తెలుసు. ఆపలేను.

గాస్పర్ లేచాడు. "ఎవులూ బెదిరించలేదండి. నానొక్కణ్ణే ఏస్తన్నాననుకున్నాను. తాతకి సున్నా వొస్తే బాగోదని..."

"నువ్వూ ఏసీసావేటి? నానొక్కదాన్నే అనుకున్నాను కదా!" ఇమెల్దా లేచింది.

"నువ్వు ఏస్తావని ముందే సెప్తే నాను మానీదును కదా" అని ఆవిడ మొగుడు.

ఇంక ఆగలేదు. హాలంతా లేచింది. నువ్వెందుకేశావంటే నువ్వెందుకేశావని ఒకటే కేకలు. చివరికి లియొనోరా కర్రతో నేల మీద కొట్టింది.

"నానూ ఏసినాను" అంది. "పాపం అనిపించి."

ఆ పాపం అన్న మాట దగ్గర హాలు ఒక్కసారిగా చల్లబడిపోయింది. అందరూ ముందు వరస వంక చూశారు. బార్తొలో లేచి, కోటు గుండీలు జాగ్రత్తగా పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

క్రూన్ కాసేపు పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి చేశాడు. "జాలిపడి ఓటు వేయకూడదని చట్టంలో ఎక్కడా లేదు" అని ఫలితం మీద సంతకం పెట్టాడు. నా చేత కూడా పెట్టించాడు. ఈ ఎన్నికకి నా పని అక్కడితో పూర్తయింది. "కానీ సభ్యులిద్దరూ ప్రమాణం చేయాలి. గాలి తగ్గి నేను దిగేలోపు. ఒక్కరే చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు" అన్నాడు.

మార్చి 1

పొద్దున్న కొట్టు పొగ్గొట్టంలోంచి పొగ రాలేదు. నేను వచ్చాక ఇలా జరగడం ఇదే. జనం కొట్టు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డారు, తలుపు తట్టే ధైర్యం ఒక్కరికీ లేదు. నేను పెరటి వైపు నుంచి వెళ్ళాను.

చల్లారిన పొయ్యి ముందు బనియనుతో కూర్చుని ఉన్నాడు.

"ప్రమాణం చేయనంటున్నారట" అన్నాను.

"ముప్పై ఏళ్ళూ సున్నాలొచ్చినా ఇంత నామోసీ అవలేదు ఆఫీసరమ్మా. అప్పుడు నీడలు కదా అనుకునీవోణ్ణి. ఇప్పుడు మనుసులే. దేశం దేశమంతా నన్ను సూసి పాపం అనుకుంది. ముస్టోడికి చిల్లర ఏసినట్టు ఏసింది. ఆ మాట తెలిసీసినాక రేపు ఆళ్ళ సేతుల్లో రొట్టి ఎలాగ పెడతాను?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఈ దేశంలో అందరి గుట్టూ ఎక్కువగా మోసింది నేనే. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే చెప్పేసుకున్నారు కాబట్టి నా నోటికి తాళం లేదు.

"ముష్టివాడికి చిల్లర వేసేవాడు నలుగురూ చూసేలా వేస్తాడు. వీళ్ళేం చేశారో తెలుసా? దొంగల్లా వచ్చారు నా దగ్గరికి. చెవులు ఎర్రబడిపోయి, గుసగుసలాడుతూ, నీకు తెలిస్తే మాత్రం మేం బతకం అన్నారు. మొగుడు పెళ్ళానికి చెప్పలేదు, పెళ్ళాం మొగుడికి చెప్పలేదు. లియొనోరా తేనె సంగతి చెప్పి వెళ్ళింది, తేనె! జాలి పడేవాళ్ళు ఇంత సిగ్గు పడతారా? మా ఊళ్ళో దీన్ని జాలి అనరు. నువ్వంటే ఇష్టమని చెప్పడానికి ఇన్నాళ్ళూ ఎవరికీ మాట పెగల్లేదు, అంతే. ఒక్క ఓటు కావాలన్నావు. ఒక్కొక్కరూ ఆ ఒక్క ఓటూ తెచ్చి ఇచ్చారు. మరి నువ్వు లియొనోరాకి ఎందుకు వేశావు? జాలా?"

తలెత్తాడు. "నీకెలాగ తెలుసు?"

"పిండి."

"అది దేశం నడపగలదు. దానికి కూడా ఒకటి ఉండాల కదా, సున్నా వొస్తే ఏడుస్తాది..." అని ఆగిపోయాడు. తన మాట తనకే వినపడినట్టుంది.

"ఆ ఒక్కటీ లేకపోతే ఇవాళ ఇది పదమూడో వార్డు. లే, పొయ్యి వెలిగించు బాబాయ్."

నోటి నుంచి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు బిగబట్టిన మాట. నేను అనాలనుకోలేదు, అనకుండా ఉండలేకపోయాను. బార్తొలో నా వంకే చూస్తున్నాడు. పలికితే చట్టప్రకారం చుట్టం. పలక్కపోతే ఏమీ లేదు, గాలిలో కలిసిపోతుంది, నేను మళ్ళీ ఆఫీసరమ్మనే.

"అలాగనీసావంటే నీ ఆఫీసరు ఉజ్జోగం పోతాది" అన్నాడు మెల్లిగా.

"పోతే పోనీ."

ఆయన లేచి చేతులు బనియనుకి తుడుచుకున్నాడు.

"ఏటమ్మా కూతురా" అని పలికాడు. "ఆ కట్టెలిలాగందుకో."

కట్టెలు అందించాను. పొగకి కళ్ళు మండుతున్నాయనుకున్నాం ఇద్దరం. బయట జనానికి పొగ కనపడగానే పెద్ద కేక వినిపించింది.

మార్చి 4

గాలి తగ్గింది. పొద్దున్నే కప్పీలన్నీ చూసుకున్నాను.

బార్తొలో, లియొనోరా ప్రమాణం చేశారు. సభ రొట్టెల కొట్టులోనే జరిగింది, పొయ్యి వదిలి రానన్నాడు కొత్త ప్రధానమంత్రి బార్తొలో. ప్రతిపక్షం పిండి బస్తా మీద మోకాలు చాపుకుని కూర్చుని ప్రతి మాటకీ అడ్డం తగిలింది. సగం దేశం లోపల, సగం కిటికీల దగ్గర.

బార్తొలో మొదటి మాటగా, "వచ్చేపాలికి ఓడిపోడానికి మనిసి కావాల" అన్నాడు. "నాను గెలిసీసాను. ఇంక నాకా అర్హత లేదు. ఇది మా ఇంట్లో ఉజ్జోగం. మా తాత సేసినాడు, మా అయ్య సేసినాడు. నాకా పిల్లల్లేరు అనుకునీవోణ్ణి." పిండి చెయ్యి ఎత్తి నా వంక చూపించాడు. "ఇది మా అన్న కూతురు. మా అన్న అనకాపల్లిలో ఉంటాడు. నానెప్పుడూ సూళ్ళేదు గాని, మంచోడే అయ్యుంటాడు."

ఎవరూ నవ్వలేదు. లియొనోరా మాత్రం, అడ్డం తగలడం తన పని కాబట్టి, "నూకరత్నానికి ఓడిపోడం ఒచ్చేటి?" అంది.

"నేర్చుకుంటాను అత్తా" అన్నాను.

"సరే" అని పలికింది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఎన్నికల అధికారి పదవి ఖాళీ అయింది. ఎవరికీ ఏమీ కాని మనిషి కావాలి. తలుపు దగ్గర పెట్టె పట్టుకుని నిలబడిన క్రూన్ వంక అందరూ ఒకేసారి తిరిగారు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనకనుంచి ఎవరో ఆయన చేతిలో వేడి రొట్టె పెట్టారు. ఒక ముక్క కొరికి, ఎన్నికల చట్టంలో కొన్ని విషయాలు ఇంకా పరిశీలించాల్సి ఉందని సణిగాడు.

సాయంత్రం గాస్పర్ జున్ను పంపడానికి వచ్చాడు. తూచాక కూడా కదల్లేదు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, వచ్చే ఎన్నికల్లో నువ్వు ఓడిపోవాల కదా. నాను మాత్రం నీకొకటి..."

"నోర్ముయ్యి గాస్పర్" అన్నాను. వాణ్ణి బయటికి తోసి, తలుపేసుకుని, కాసేపు గట్టిగా ఏడ్చాను. తర్వాత నాలుగో స్తంభం దగ్గర కప్పీలకు గ్రీజు పెట్టాను.

కిందికి పంపిన సరుకు: జున్ను, ఖాళీ బస్తాలు. దిగిన ప్రయాణికులు ఎవరూ లేరు.